రెబెకా కట్టిన కట్టు

రెబెకా నర్సమ్మ అయ్యేనాటికి ముప్పై మూడేళ్లు. అంతకు ముందు తొమ్మిదేళ్లు భర్త నరేందర్‌తో కలిసి పుణెలో మేడల మీదికి ఇటుకలు మోసింది. ఇంటర్ పాసైన పిల్ల నెత్తిన తట్ట పెట్టుకుందని ఆమెకు తప్ప ఎవరికీ బాధ లేదు. నాగర్‌కర్నూల్‌లో ఏఎన్ఎం కోర్సులో చేరితే, పక్క బెంచీ పిల్లలు ఆమెను అక్కా అనాలో ఆంటీ అనాలో తేల్చుకోలేకపోయారు. ఆ రెండేళ్లూ నరేందర్ ఒక్కడే పుణెలో వండుకు తిన్నాడు. అన్నం మాడిందని ఫోన్లో చెప్పి నవ్వించేవాడే గాని, చాలించి రమ్మని ఒక్కనాడూ అనలేదు.

ఇప్పుడు బల్మూర్ దగ్గర సొంతూళ్లోనే ఆమెకు ఉద్యోగం. ఉద్యోగం వచ్చినంత మాత్రాన ఊరు మారుతుందా? బీపీ చూడమని చెయ్యి చాపేవాళ్లే, ఆమె అటు తిరగ్గానే ఆ చెయ్యి కడుక్కునేవాళ్లు. రెబెకా చూసీ చూడనట్టు పోయేది.

అలివేలమ్మ దగ్గర అట్లా పోవడానికి వీల్లేకపోయింది. పెద్ద రైతు ఇల్లు. చిన్నప్పుడు రెబెకా తల్లితో పాటు వాళ్ల వేరుశనగ చేలో కలుపు తీసేది. దాహమంటే అలివేలమ్మ చెంబు పైకెత్తి దోసిట్లోకి నీళ్లు పోసేది. కసురుకోకుండానే పోసేది, చెంబు మాత్రం దోసిలికి తగలనిచ్చేది కాదు. ఆ అలివేలమ్మకు ఇప్పుడు షుగరు. ముల్లు దిగిన బొటనవేలికి పదిరోజులు ఆకు పసరు కట్టుకుంటే చీము పట్టింది. రోజూ కడిగి కట్టు కట్టకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు రెబెకాకు గట్టిగా చెప్పి పంపాడు.

మొదటిరోజు అలివేలమ్మ కాలు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది.

"మందిచ్చి పో. మేం కట్టుకుంటం."

రెండోరోజూ అదే మాట. రెబెకాకు ఒళ్లు మండింది, ఇంటికి పోయి ఏడ్చింది కూడా. పోతే పోనీ, నాదా వేలు అనుకుంది. తెల్లారేసరికి మళ్లీ ఆ వాకిట్లోనే ఉంది. ఈసారి అడక్కుండానే అలివేలమ్మ కాళ్ల దగ్గర చతికిలబడింది.

"పటేలమ్మా, నీ చేన్ల కలుపు తీసింది గీ చేతులే. గీ చేతులు తెంపిన పల్లికాయ నీ ఇంట్ల పోసుకున్నవ్, వండుకున్నవ్. గప్పుడు లేని అంటు గిప్పుడెట్లొచ్చె?"

అలివేలమ్మ మొహం అటు తిప్పుకుంది.

"ఇడిసిపెడితే ఏలు వోతది, ఎనుక కాలు వోతది. కోపముంటే నా మీద ఉంచుకో. కాలు జర గిటియ్యి."

చాలాసేపటికి కాలు మెల్లగా ముందుకు జరిగింది. రెబెకా దాన్ని ఒళ్లో పెట్టుకుని చీము కడిగింది. మందు తగలగానే అలివేలమ్మ మంటకు కాలు జాడించింది. మడమ వచ్చి రెబెకా ఛాతీకి బలంగా తగిలింది.

కాలు తగిలితే తగిలిన మనిషిని తాకి కళ్లకద్దుకోవడం ఎవరికైనా అలవాటే. కూలిమనిషికి తగిలితే మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఆ పని చెయ్యరు. అలివేలమ్మ చెయ్యి దానంతటదే లేచింది, సగంలో ఆగింది. తర్వాత ఆ ముసలి వేళ్లు రెబెకా భుజాన్ని తాకి, కళ్లదాకా వెళ్లాయి.

రెబెకా తలెత్తలేదు. కళ్లలో నీళ్లు నిండి, చుడుతున్న గుడ్డ అంచు ఆమెకు కనబడలేదు.

"రేపు ఎన్ని గంటలకొస్తవ్ బిడ్డా?" అని అడిగింది అలివేలమ్మ.

పొద్దుగాల్నే వస్తనని చెబుతూ రెబెకా గుడ్డ అంచు తడిమి పట్టుకుని ముడి వేసింది.