పార్టు దొరకని ఏసీ

మా చిన్నప్పుడు... రియాద్‌లో, మలాజ్‌లోని మా రెండు గదుల ఇంట్లో ఒక కిటికీ ఏసీ ఉండేది. పొద్దస్తమానం "ఊఁ..." అని ఒకటే మూలుగు. టీవీ వినబడదు, ఫోన్లో అమ్మమ్మ మాట వినబడదు.

అమ్మ ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ బస్సు దిగి ఇంట్లోకి రాగానే ఆవిడ కోపమంతా దాని మీదే. "తల పగిలిపోతోంది బాబోయ్!" అంటూ చెప్పులు విదిలించేసేది.

నాకేమో ఒకచోట కూర్చోలేని జబ్బు. బయట ఎండ, తలుపుకి తాళం. స్కూలు నుంచి వచ్చాక కాలుగాలిన పిల్లిలా ఆ రెండు గదుల్లోనే తిరిగేదాన్ని.

మా బిల్డింగులో ఏసీలు, పైపులు చూసే సత్తన్నది జగిత్యాల దగ్గర పల్లె. కింద గదిలో ఉండేవాడు. శుక్రవారం సెలవు కదా... అమ్మ చేసే చేపల పులుసు కోసం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చేవాడు. వస్తూ వస్తూ దుప్పట్లో చుట్టి గిటారు తెచ్చేవాడు. అప్పట్లో అక్కడ వాయిద్యంతో బయట కనబడితే ఊరుకునేవారు కాదు. అంతకుముందు దమ్మామ్‌లో కూలీల క్యాంపులో ఉన్నప్పుడు పక్క మంచం గోవా ఆయన దగ్గర నేర్చుకున్నాడట. గిటారు పగిలిన చోటల్లా ఏసీ పైపులకు చుట్టే వెండి రంగు టేపు.

నా తిరుగుడు చూసి చూసి, ఒకరోజు దాన్ని నా ఒళ్ళో పెట్టాడు. "చేతులకు పని చెప్పు బిడ్డా, కాళ్లు అవ్వే ఆగుతయ్. వారమంతా నీ దగ్గర్నే ఉంచుకో."

కొన్నాళ్ళకి నోటుపుస్తకంలో రాసుకున్న పాటలన్నీ వాయించేదాన్ని. పుస్తకం మూస్తే మాత్రం సున్నా! సత్తన్న అలా కాదు. కళ్ళు మూసుకుని, ఏ పుస్తకంలోనూ లేని పాట... అప్పటికప్పుడు అల్లుకుంటూ ఎక్కడికో పోయేవాడు, మళ్ళీ వచ్చేవాడు. నాకు అదే కావాలి. ఎంత కావాలంటే, కుళ్ళుతో ఏడుపొచ్చేది.

"అలా ఎలా వస్తుంది సత్తన్నా?" అని అడిగితే ఏసీ వైపు చూపించాడు. గిటారు లావు తీగ బిరడాను తిప్పి తిప్పి, ఆ మూలుగుతో సరిగ్గా కలిపాడు.

"గదే నీ ఇల్లు. ఎటన్న పో... తప్పిపోతే మల్ల గీ తీగ మీదికి రా. భయమెందుకు?"

ఇక రోజూ అదే పని. స్కూలు బ్యాగు విసిరేయడం, గిటారు పట్టుకోవడం... మొదట్లో మూడే స్వరాలు. రెండడుగులు వేసి పరుగున ఇంటికొచ్చేదాన్ని. తర్వాత్తర్వాత ఇంకాస్త దూరం. వేళ్ళు కాయలు కాశాయి. ఏసీ మూలుగుతూనే ఉండేది, నేను తిరుగుతూనే ఉండేదాన్ని.

అమ్మ మాత్రం ప్రతి శుక్రవారం సత్తన్న మీద పడేది. "ఊరందరి ఏసీలూ బాగు చేస్తావు, మాది కనబడదా తమ్ముడూ? ఆ చేపముక్క వెనక్కి తీసుకుంటాను చూడు!"

"పార్టు దొరుకుతలేదక్కా. బతా బజారు మొత్తం తిరిగిన."

మూడేళ్ళు ఇదే జవాబు. "ఏం మెకానిక్కో ఏమో" అని అమ్మ చెవులు మూసుకునేది.

నాకు పదమూడేళ్ళప్పుడు సత్తన్నకి ఫైనల్ ఎగ్జిట్ పడింది. ఇక తిరిగి రాడు. వెళ్ళే ముందు శుక్రవారం మా ఇంట్లోనే భోజనం. "పుస్తకం లేకుండా నీకోసం వాయిస్తాను చూడు" అని మాటిచ్చేశాను. ఆ వారమంతా తిండి సయించలేదు. ఆయన వెళ్ళిపోతున్నాడన్న బాధకంటే, వాయించగలనా అన్న కంగారే ఎక్కువ... ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

ఆ శుక్రవారం పొద్దున్న నాన్నతో చేపల మార్కెట్‌కి వెళ్ళొచ్చేసరికి, ఇల్లంతా నిశ్శబ్దం. ఏసీ చల్లగా, కిక్కురుమనకుండా తిరుగుతోంది. అమ్మ ముఖం వెలిగిపోతోంది. "మా తమ్ముడు బంగారం! పోయే ముందు పార్టు దొరికిందట!"

నేను వెళ్ళి ఏసీకి చెవి ఆనించి చూశాను. ఆ మూలుగు లేదు.

భోజనాలయ్యాక గిటారు తీసుకుని లావు తీగ మీటాను. అది ఒక్కటే మోగి ఆగిపోయింది. తర్వాతి వేలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మూడేళ్ళు రోజూ తిరిగిన దారి... ఒక్క మలుపూ గుర్తు రాలేదు. నోటుపుస్తకం కోసం లేవబోయాను.

"కూసో బిడ్డా" అన్నాడు సత్తన్న. నోరు మూసి, గొంతులోంచి "ఊఁ..." అన్నాడు. అచ్చం మా ఏసీ! నాన్న పకపకా నవ్వాడు. అమ్మ "మళ్ళీ మొదలైందిరా దేవుడా" అని తల పట్టుకుంది. నేను నవ్వలేదు. నా వేళ్ళు కదిలాయి.

ఎంతసేపు వాయించానో... కళ్ళు తెరిచేసరికి సత్తన్న చాయ్ తాగుతున్నాడు. "ఆయన ఆపేసి చాలాసేపైందే" అంది అమ్మ. నేను గమనించనే లేదు.

ఇప్పుడు ఇదే ఊళ్ళో ఆఫీసు ఉద్యోగం నాది. గిటారు షాపులు, క్లాసులు, అన్నీ వచ్చాయి. దుప్పట్లో చుట్టక్కర్లేదు, భుజాన వేసుకుని మాల్‌లో తిరగొచ్చు. కానీ మా ఫ్లాట్‌లో ఏసీ ఉందో లేదో కూడా తెలియదు, అంత నిశ్శబ్దం. వాయించడానికి కూర్చుంటాను, లేస్తాను, ఫోన్ చూస్తాను, మళ్ళీ కూర్చుంటాను...

పోయిన వారం బతాలో ఒక పాత సామాన్ల షాపులో కిటికీ ఏసీ ఆన్ చేశారు. "ఊఁ..." నా వేళ్ళు వాటంతటవే హ్యాండ్‌బ్యాగ్ పట్టీ మీద ఆడాయి. "లేనా హై క్యా, మేడమ్?" అని షాపతను అడుగుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసి సత్తన్నకి పంపాను. నిమిషంలో వాయిస్ మెసేజ్...

"ఫ్యాన్ మోటరు బేరింగ్ పోయింది బిడ్డా, కొనకు. అయినా పది నిమిషాల పని గది."

పది నిమిషాలా! "మరి మాది మూడేళ్ళు ఎందుకు చేయలేదు? పార్టు దొరకలేదన్నావుగా!" అని కోపంగానే అడిగాను.

చాలాసేపటికి జవాబొచ్చింది. "పార్టు నా సంచిలనే ఉండె. నువ్వు నేర్సుకుంటున్నవ్ గదా... ఎట్ల ఆపుత?"

అది అమ్మకి వినిపించాను. మూడేళ్ళు ఆయన్ని తిట్టిన మనిషి, "ఇంకో చేపముక్క వేసుండాల్సిందే" అంది.

ఇప్పుడు ఏసీ కాస్త గరగరలాడితే చాలు, గంటలో మనిషొచ్చి ఆపేసి పోతాడు. మనకోసం తిట్లు తింటూ ఆపకుండా వదిలేసే సత్తన్నలు ఏరీ... మీ ఇంట్లోనూ అలాంటి చప్పుడేదైనా ఉండేదా? ఉంటే కింద రాయండి. ఈ నిశ్శబ్దంలో నాకు కాలు నిలవడం లేదు...