చెవిలో పారిన జల

ఆదోని నుంచి మద్దికెర దాకా బోరు ఎండిన రైతు ఎవరైనా సరే, రిగ్గు లారీని పిలవడానికి ముందు ఉరుకుందును పిలిచేవాడు. ఉరుకుందు అసలు పని బోర్లలో మోటార్లు దింపడం, చెడితే పైకి తీయడం. మూడు కాళ్ల ఇనుప స్టాండు, గొలుసు కప్పీ, ఒక పాత ట్రాలీ ఆటో, ఇద్దరు కూలీలు. ఇంతే ఆయన సరంజామా. అయితే జనం పిలిచేది ఈ సామాను కోసం కాదు, ఆయన కుడి చెవి కోసం.

మోటారు పైకి తీశాక ఉరుకుందు పైపు పక్కన నేల మీద పడుకుని, కుడి చెవిని బోరు మూతికి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఆ కాసేపూ ఎవరూ దగ్గకూడదు, తుమ్మకూడదు. లోపల ఎక్కడో రాతి పగులులోంచి జల కారి, అడుగునున్న నీళ్లలో పడే చప్పుడు ఆయనకు అందేది. జల ఎంత లోతులో ఉందో, మోటారు ఇంకెన్ని అడుగులు దించాలో, లేక ఆ బోరు మీద ఆశ వదులుకోవాలో లేచి చెప్పేవాడు. ఎక్కువసార్లు నిజమయ్యేది. ఎప్పుడైనా తప్పితే రెండు రోజులు సరిగ్గా అన్నం తినేవాడు కాదు. అంత పౌరుషం ఆ మనిషికి. ఎడమ చెవి చిన్నతనంలోనే చీము పట్టి మందగించింది కాబట్టి, ఆయన పేరూ బతుకూ ఆ ఒక్క కుడి చెవి మీదే నడిచేవి.

పోయిన ఎండాకాలం ఆ చెవి పూడుకుపోయింది. ఏళ్ల తరబడి మీద పడ్డ దుమ్మంతా గులిమితో కలిసి గట్టిపడింది. అగ్గిపుల్లలూ, బండి తాళాలూ, మోటారు చుట్టే రాగి తీగా పెట్టి కెలికి, దాన్ని ఇంకా లోపలికి తోశాడు. మోటారు ఎక్కడ కాలిందో వాసన చూసి చెప్పగలిగిన వాడికి, చెవిలో తీగ పెట్టకూడదని మాత్రం తట్టలేదు.

"నేను అరిసి అరిసి సస్తాండా. ఆస్పత్రికి పోవయ్యా," అని భార్య మల్లేశ్వరి గొంతు చించుకుంది.

ఆస్పత్రి దాకా ఎందుకని, వీధి చివర జ్వరానికీ నడుం నొప్పికీ ఒకే సూది వేసే మనిషి దగ్గరికి వెళ్లాడు. ఆ పెద్దమనిషి లావు సిరంజి నిండా చల్లటి నీళ్లు పట్టి, బలమంతా పెట్టి చెవిలోకి కొట్టాడు. గది గిర్రున తిరిగింది. ఉరుకుందు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. మూడోసారికి చింతగింజంత నల్లటి ఉండ బయటపడింది. ఉరుకుందు దాన్ని కాగితంలో పొట్లం కట్టి ఇంటికి తెచ్చి చూపించాడు.

"ఇంత పెట్టుకొని ఊర్లు తిరిగినావా!" అని మల్లేశ్వరి నవ్వింది.

ఆ రెండు రోజులూ ఆయనకు పండగే. గిన్నెల చప్పుడు, పక్కింటి రేడియో, సైకిలు గంట, అన్నీ కొత్తగా వినిపించాయి. మూడో రోజు మధ్యాహ్నం చాప మీద ఒరిగినప్పుడు, సన్నగా నీళ్లు పారుతున్న చప్పుడు మొదలైంది. కుళాయి వదిలేశారేమోనని లేచి చూశాడు. అది ఆదోనిలో కుళాయి వచ్చే రోజు కాదు, పైపు ఎండిపోయి ఉంది. గోడకు చెవి పెట్టాడు. గోడలో నీళ్లు పారుతున్నాయి. మల్లేశ్వరిని పిలిచి వినమన్నాడు. ఆమె చెవి పెట్టి, ఏమీ లేదని చెప్పి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ వారమే కృష్ణగిరిలో ఒక బోరుకు పిలుపొచ్చింది. పైపుకు చెవి ఆనించగానే వాన వెలిసిన తర్వాత వంక పారినట్టు చప్పుడు. అంత పెద్ద జల ఆయన పుట్టి బుద్ధెరిగాక వినలేదు. మోటారు ఇంకో నలభై అడుగులు దింపమన్నాడు. దింపారు, నీళ్లొచ్చాయి. ఇక ఆ మాట ఊరూరా పాకింది. ఉరుకుందు చెవి కడిగించుకున్నాక పాతాళమే వినిపిస్తోందని, అది ఈరన్నస్వామి ఇచ్చిన వరమని అన్నారు. ఆయన కాదనలేదు. ఎందుకంటాడు? పొగడ్తకు లొంగని చెవి ఎక్కడుంది గనక.

అప్పుడే మద్దికెర నుంచి బజారి వచ్చాడు. నలభై ఏళ్ల రైతు, రెండెకరాల టమోటా తోట, రెండేళ్లుగా ఎండిపోయిన ఐదు వందల అడుగుల బోరు. తోటకు పక్క చేనువాళ్లు జాలిపడి వదిలే నీళ్లే దిక్కు. ఉరుకుందు వెళ్లి విన్నాడు.

"ఉంది బజారీ. ఏరు మాదిరి పారతాంది. ఇంకో మూడు నూర్లు లోతు కొట్టించు," అన్నాడు.

బజారి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. రిగ్గు కోసం ఎద్దుల జతను అమ్మేశాడు.

తిరుగు దారిలో పత్తికొండ దగ్గర టీ కోసం ఆగి, ఉరుకుందు హోటలు ముందున్న ఇనుప స్తంభానికి తల ఆనించాడు. స్తంభంలో నీళ్లు పారుతున్నాయి. ఇంటికొచ్చి ఖాళీ బియ్యం డ్రమ్ములో తల పెట్టాడు. అందులోనూ అదే పరుగు. దిండులో, తలుపు చెక్కలో, చేతిలో పట్టుకున్న ఇటుకలో కూడా. మల్లేశ్వరి వాకిట్లో కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతోంది. వెనక నుంచి వెళ్లి ఆమె వీపుకు చెవి ఆనించాడు. ఆమె లోపల కూడా నీళ్లు పారుతున్నాయి.

"ఏమయ్యా, ఏమైంది?" అంది ఆమె కత్తి ఆపి.

"ఏం లేదు," అన్నాడు.

ఆదోనిలోనే చెవి డాక్టరమ్మ రాజశ్రీ దగ్గరికి వెళ్లాడు. ఆమె ఆయన్ని చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, కూత వినిపించినప్పుడల్లా మీట నొక్కమంది. తలుపు మూసుకుంది. బయటి లోకం మొత్తం పోయింది. ఆ నిశ్శబ్దంలో నీళ్లు ఒక్కసారిగా హోరున లేచాయి. మునిగిపోతానేమోనని ఉరుకుందు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మీట ఒక్కసారి కూడా నొక్కలేదు.

"నీళ్లు అంత గట్టిగా కొట్టడంతో చెవి లోపల దెబ్బ తగిలింది," అంది డాక్టరమ్మ. "సన్నటి చప్పుళ్లు మీకిక అందవు. మీరు వింటున్న నీళ్లు బయట ఎక్కడా లేవు."

"ఎప్పుడు పోతాది మ్యాడమ్?"

"తగ్గొచ్చు, తగ్గకపోవచ్చు. అలవాటు చేసుకోవాలి."

కృష్ణగిరిలో నీళ్లు పడడం ఒట్టి అదృష్టమన్నమాట. మరి మద్దికెర? ఫోను చేతిలో పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. చెప్తే ముప్పై ఏళ్ల పేరు ఒక్క మాటతో పోతుంది. చెప్పకపోతే ఒక కొంప మునుగుతుంది. ఇందులో ఆలోచించడానికేముంది అని మనం సులువుగా అంటాం. ఆయన మాత్రం సిగ్గుతో కుమిలిపోయి, మూడో రోజుకు గాని ఆటో తీయలేదు.

అప్పటికే రిగ్గు వచ్చేసింది. తోటంతా తెల్లటి రాతి దుమ్ము. టమోటా ఆకుల మీదా, బజారి కనురెప్పల మీదా అదే దుమ్ము. గట్టు మీద అతని భార్య జయలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కంప్రెసరు ఆపి రాడ్లు పైకి తీశారు. రిగ్గు మేస్త్రీ తమిళం కలిసిన తెలుగులో, ఎనిమిది వందలు అయిపోయింది, తడి కూడా లేదు, సామాను సర్దేయమంటారా అని అడుగుతున్నాడు.

"ఉరుకుందన్న సెప్పినాడు, ఉంటాది. ఇంకా కొట్టు," అంటున్నాడు బజారి.

ఉరుకుందు పరుగున వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఆపు బజారీ. ఆడ నీళ్లు లేవు. నా చెవి సెడిపోయిందప్పా. గులిమి తీయించుకున్న కాడి నుంచి యాడ చెవి పెట్టినా నీళ్లే వినపడ్తాండాయి. గోడలో వినపడ్తాండాయి, ఇటుకలో వినపడ్తాండాయి. డాక్టరమ్మ కాగితం కూడా రాసిచ్చింది, సూడు."

బజారి కాగితం వైపు చూడలేదు. నవ్వాడు. "దుమ్ము సూసి భయపడినావులే అన్నా. నీ చెవి యాడ సెడిపోతాది?"

నేల మీద పడుకుని, ఉరుకుందు చేసినట్టే కళ్లు మూసుకుని, తన చెవిని పైపుకు ఆనించాడు. రిగ్గు కూలీలు కదలకుండా నిలబడిపోయారు. మిట్ట మధ్యాహ్నపు ఎండలో ఆ తోట అంత నిశ్శబ్దంగా ఉండడం చూసి ఉరుకుందుకు భయమేసింది. వీడికి ఏమీ వినపడకూడదు స్వామీ అని మొక్కుకున్నాడు. చాలాసేపటికి బజారి ముఖం మెల్లగా విప్పారింది.

"పారతాందన్నా," అన్నాడు.

"యా చెవిలో?" అడిగాడు ఉరుకుందు.

"రెండు చెవుల్లోనూ."

ఉరుకుందు మేస్త్రీని లాక్కొచ్చి వినమన్నాడు. మేస్త్రీ విని, ఏమీ లేదని తల అడ్డంగా ఊపాడు. బజారి ఆ తల ఊపును లెక్కచేయలేదు. లేచి, ఇంకా కొట్టమని చేత్తో సైగ చేశాడు. కంప్రెసరు మళ్లీ గర్జించింది. "లేవు! ఆడ లేవు!" అని ఉరుకుందు అరిచాడు. ఆ మోతలో తన అరుపు తనకే వినిపించలేదు.

వెయ్యి అడుగుల దాకా దుమ్మే వచ్చింది. లారీ సర్దుకుని వెళ్లిపోయింది. బజారి మాత్రం మళ్లీ పైపు దగ్గర పడుకున్నాడు. పలకరిస్తే పలకలేదు, భుజం పట్టి లేపబోతే చెయ్యి విదిలించాడు. పెదవుల మీద చిన్న నవ్వు అలాగే ఉంది. తన రోగాన్ని మాటతో ఈ మనిషికి అంటించేశానని అప్పుడు ఉరుకుందుకు అర్థమైంది.

జయలక్ష్మి గట్టు దిగి వచ్చింది. ఆమె భర్తను చూడలేదు, ఉరుకుందు వైపే చూసింది.

"నేను పిలిస్తే పలకడం లేదన్నా. ఇంటికి రమ్మని నువ్వు సెప్పు. నీ మాటయితే ఇంటాడు."