ఊగని డబ్బా

మా బాపు చెవులు సాంచెల దగ్గర పోయాయి. బాపు అంటే నాన్న, సాంచె అంటే మరమగ్గం. సిరిసిల్లలో మరమగ్గం అని ఎవరూ అనరు. షెడ్డులో వరసగా సాంచెలు నడుస్తుంటే పక్క మనిషి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడ నోటికి పని ఉండదు, చేతులే మాట్లాడతాయి. చాయ్ వచ్చిందంటే ఒక సైగ, సేటు వస్తున్నాడంటే ఒక సైగ, కండె అయిపోయిందంటే ఇంకో సైగ. నేను చిన్నప్పటి నుంచి ఆ షెడ్డులోనే కండెలకు నూలు చుట్టాను. అక్షరాల కంటే ముందు నాకు ఆ సైగలే వచ్చాయి.

అక్షరాలు చాలా ఆలస్యంగా వచ్చాయి, ఇంటికి కోడలు వచ్చాక. ఆడవాళ్లకని సాయంత్రం బడి పెడితే పోయి కూర్చున్నాను. "బాసరకు పోయి అక్షరాభ్యాసం చేపిచ్చుకో, పంతులు పిల్లేదని అడిగితే నేనే అని చెప్పు" అని వాడకట్టంతా నవ్వింది. నవ్వనీ. ఇప్పుడు బస్సు బోర్డు చదివి పెట్టమని ఆ నవ్విన వాళ్లే నన్ను అడుగుతారు. ఆలస్యంగా వచ్చినదాని మీద మోజు ఎక్కువ ఉంటుంది. నాకు మాట మీద మోజు. ఎవరైనా మాట విడివిడిగా, స్పష్టంగా పలికితే ఆగి వింటాను. పాటలో కూడా ముందు మాటే చూస్తాను.

బాపు ఎనభై దాటినవాడు. నా దగ్గరే ఉంటాడు. మార్కండేయ గుడిలో ప్రతి సోమవారం భజన జరుగుతుంది, అందులో తాళాలు ఆయనవే. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఆయనవే. చెవులు మందగించినా ఎదుటివాళ్ల పెదవులు చూసి నెట్టుకొచ్చాడు. తరువాత అదీ కుదరలేదు. పాట ముందు పోతుంటే తాళం వెనక పడేది, ఆయన వేగం పెంచితే పాట ఆగిపోయి ఉండేది. ఒక సోమవారం డోలక్ వాయించే ఆయన పాట మధ్యలో చేయి చాపాడు.

"మామా, జర తాళాలు ఇటియ్యి. నువ్వు పాడు, సాలు."

మర్యాదగానే అన్నాడు. బాపు ఇచ్చేశాడు. నేను ఆడవాళ్ల వరసలో కూర్చొని చూస్తున్నాను. తాళాలు పోయిన తరువాత ఆయన చేతులు ఒడిలో ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు తిరిగాయి.

భజన అయ్యాక తిరిగి ఇచ్చిన తన తాళాలను ఇంటికి తెచ్చి తువ్వాలలో చుట్టి గూట్లో పెట్టాడు. ఆ తరువాత ప్రతి సోమవారం కడుపునొప్పి వచ్చేది. మంగళవారం పొద్దున తగ్గేది.

చెవి మిషన్ పెట్టిద్దామంటారా, పెట్టించాం. క్యాంపులో ఇచ్చారు. "చెవుల ఈగ జొచ్చినట్టున్నది" అని తీసి చక్కెర డబ్బా మీద పెట్టాడు. అదీ అక్కడే ఉండిపోయింది.

ఇంట్లోనే భజన పాటలు పెట్టి రోజూ వినిపిస్తే ఆయన చెవికి మళ్లీ అలవాటు అవుతుందని, అలవాటైతే గుడికి పోతాడని నా ఆలోచన. ఒక మంచి పాటల డబ్బా కొనాలి, నా చేతిలో ఉన్నంతలోనే. కోడలికి చెప్పాను.

"తాతకు టీవీ సప్పుడే సాలుతలేదు. ఇంక డబ్బా కూడానా అత్తమ్మా? వాడకట్టోళ్లు మనల ఎల్లగొడ్తరు."

"ఎల్లగొడితే మీ అమ్మగారింటికి పోదాం పా."

"మా అమ్మకు చెవులు మంచిగున్నయి, ఆమెనెందుకు ఖరాబ్ చేసుడు?" అంది. కోడలి నోరు మంచిది కాదు, చేయి మంచిది. ఆ చేతితోనే బాపుకు రోజూ జొన్న గటక మెత్తగా కలిపి పెడుతుంది.

డోలక్ ఆయన దగ్గరకు పోయి, ఆయన ఫోన్‌లో పట్టిన మా గుడి భజనలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇమ్మన్నాను. ఎందుకని అడిగితే చెప్పాను. ఆయన నా ముఖం చూడలేక పెన్‌డ్రైవ్ వైపు చూస్తూ, "అక్కా, నేను కావాలని గుంజుకోలే" అన్నాడు.

"తెలుసు. పాటలు ఎక్కియ్యి" అన్నాను.

బాపును తీసుకొని కరీంనగర్ బస్సెక్కాను. బజారులో టీవీలు, డబ్బాలు అమ్మే ఒక చిన్న షాపు. యజమాని నడివయసు ముస్లిం పెద్దమనిషి. "రాండ్రి అమ్మా. చాచా, కూసోండ్రి" అని బాపుకు స్టూలు వేశాడు. గోడ మీద మనిషెత్తు డబ్బాలు వేలాడుతున్నాయి.

"భాయ్, ముందే చెప్తున్న. గోడ మీదియి నాకు చూపియ్యకు. నా మొకం చూసి చూపియ్యి."

ఆయన గట్టిగా నవ్వి, బల్ల కింది నుంచి రెండు రకాలు తీశాడు. మొదటిదానిలో నడుమ ఒక పెద్ద డబ్బా, అటూ ఇటూ రెండు చిన్నవి. రెండోదానిలో ఉత్త చిన్న డబ్బాలే, జత.

"పెద్ద డబ్బా దెబ్బకు, చిన్నయి మాటకు" అని చెప్పి మా పెన్‌డ్రైవ్ మొదటిదానికి పెట్టాడు. డోలక్ మోగింది. బల్ల అదిరింది, బల్ల మీది పెన్ను దొర్లి కింద పడింది.

బాపు లేచి వచ్చి ఆ పెద్ద డబ్బా నెత్తి మీద అరచేయి పెట్టాడు. సాంచె కొత్తది వచ్చినా, బాగుచేసి తెచ్చినా ఆయన మొదట చేసే పని అదే. మోటరు చప్పుడు వినడు, బట్ట చూడడు, సాంచె మీద చేయి పెడతాడు. ఊగిందంటే పునాది బాగలేదని అర్థం. ఊగే సాంచె మీద పోగు నిలవదు. నాకూ చిన్నప్పుడే నేర్పాడు. చాలాసేపు చేయి అలాగే ఉంచాడు. ఆపై నా వైపు తిరిగాడు.

"బిడ్డా, గిది ఊగుతాంది."

"అవ్ బాపూ, నాకూ కానస్తాంది."

"బోల్టులు లూజున్నయి దీనికి."

షాపాయన రెండు చేతులూ ఎత్తాడు. "చాచా, గిది ఊగాలె! ఊగకుంటే మజా ఏముంటది?"

బాపుకు వినపడలేదు. నాకు వినపడింది, కానీ తలకు ఎక్కలేదు. "భాయ్, ఊగే మిషన్ ఎన్ని రోజులొస్తది? మా దగ్గర ఊగితే పోగు తెగుతది."

"అమ్మా, గిది బట్ట నేసుడు కాదు. పాట వినుడు."

"మిషన్ మిషనే."

"సరే, మీ మర్జీ" అని ఆయన రెండో జత పెట్టాడు. బాపు దాని మీద చేయి పెట్టి, రెండుసార్లు తట్టి, తల ఊపి వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. మంచి సాంచెకు ఇచ్చే మెప్పు అదే. నేను విన్నాను. ఒక్కొక్క మాట విడిగా, ముత్యంలా ఉంది. పాడేవాళ్లు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడుతోంది. పలక చేతిలో ఉంటే రాసుకోవచ్చు. ఇంకేం కావాలి? అదే కొన్నాను. ఇచ్చేటప్పుడు షాపాయన, "పసంద్ కాకుంటే అట్ట, కాయితం పారెయ్యకుండ జల్దిన తీస్కరాండ్రి" అన్నాడు. నాకు ఆ మాట కొంచెం కోపం తెప్పించింది.

ఇంట్లో బాపు పడుకునేది, కూర్చునేది ఒక చెక్క బల్ల మీద. దాని పక్కన గూట్లో డబ్బాలు అమర్చి పాట పెట్టాను. కోడలు వంట ఆపి వచ్చి నిలబడింది. డబ్బా మీద నీలం లైటు వెలిగింది. బాపు దాన్నే చూస్తున్నాడు. పాట ఒక చరణం అయిపోయింది.

"షురూ అయిందా?" అని అడిగాడు.

నేను సౌండు పెంచాను. ఇంకా పెంచాను. కోడలు చెవులు మూసుకుంది. బాపు లేచి, గూట్లోంచి తువ్వాల తీసి, తాళాలు పట్టుకొని నా ఎదురుగా కూర్చున్నాడు. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పమన్నట్టు నా నోరు చూశాడు. నేను పాటతో పాటు పెదవులు కదిలించాను. ఆయన నా పెదవులను పట్టుకొని తాళం వేశాడు. ప్రతి దెబ్బా వెనకే. దర్వాజలోంచి మనిషి పోయాక తలుపు వేసినట్టు. కాసేపు చూసి తాళాలు ఒళ్లో పెట్టుకున్నాడు.

"మంచి డబ్బానే బిడ్డా" అన్నాడు. "అస్సలు ఊగుతలేదు."

నన్ను ఓదార్చడానికి అన్నాడు ఆ మాట. నాకు కొట్టినట్టయింది. కోడలు సౌండు తగ్గించి వంటకు పోయింది. ఆ సోమవారం కడుపునొప్పి మామూలుగానే వచ్చింది.

రెండు మూడు రోజులకు మా గల్లీలోంచి పెళ్లి బరాత్ పోయింది. బండి నిండా డబ్బాలు, ముందు పిల్లల ఆటలు. మా కిటికీ రేకులు గలగలలాడాయి. బాపు బల్ల మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉన్నాడు, కళ్లు మూసుకొని. పక్కన చెంబులో నీళ్లు వణుకుతున్నాయి. కసురుకుంటూ తలుపు మూయబోయి నేను ఆగిపోయాను. బాపు వేళ్లు బల్ల మీద ఆడుతున్నాయి. బయట దెబ్బ పడినప్పుడే వేలు పడుతోంది. వెనక కాదు, ముందు కాదు. బండి మలుపు తిరిగి దూరం పోయింది, చెంబులో నీళ్లు నిలిచాయి, వేళ్లూ నిలిచాయి.

షెడ్డు గుర్తొచ్చింది. అంత మోతలో తన సాంచె ఆగిందని ఆయనకు ఎట్లా తెలిసేది? వెనక్కు తిరిగి ఉన్నా తెలిసేది. అరికాళ్లకు తెలిసేది. షాపులో ఊగే డబ్బా మీద ఎంతసేపు చేయి ఉంచాడో, ఊగని డబ్బా మీద నుంచి ఎంత తొందరగా తీశాడో అప్పుడు తలకెక్కింది. పాట చేతికి అందుతుంటే కూడా బోల్టులు లూజని ఇద్దరం కలిసి దాన్ని వద్దన్నాం.

ఎదురుగా కూర్చొని, పెదవులు పెద్దగా కదిలిస్తూ చెప్పాను. "బాపూ, గీ డబ్బా వాపస్ ఇస్త. ఊగేదే తెస్త."

"ఊగేదా? తెలిసి తెలిసి చెడ్డ మిషన్ తెస్తవా?"

"అవ్, చెడ్డదే తెస్త."

"నీకు అక్షరాలొచ్చినంక అక్కల్ పోయింది" అన్నాడు. అక్కల్ అంటే తెలివి.

షాపాయన అట్ట విప్పకముందే నవ్వడం మొదలుపెట్టాడు. "చెప్పిన గద అమ్మా, ఊగాలె అని."

"చెప్పినవ్ భాయ్. నేనే ఇన్లే. చెవులు లేనిది మా బాపుకు కాదు, నాకు."

ఆయన నవ్వు ఆపి, మా బాపు ఏం పని చేసేవాడో, చెవులు ఎట్లా పోయాయో అన్నీ అడిగాడు. మార్చి ఇచ్చాడు. చాయ్ తెప్పించాడు. పెద్ద డబ్బా కింద రబ్బరు కాళ్లుంటే, "గివి తీసెయ్యండ్రి, అప్పుడు చెక్కకు మంచిగ తాకుతది" అని తనే స్క్రూలు విప్పాడు.

ఈసారి డబ్బాను గూట్లో కాదు, బాపు బల్ల మీదే, ఆయన పక్కన పెట్టాను. పాట మొదలైంది. డోలక్ మొదటి దెబ్బకు ఆయన చటుక్కున వెనక్కు చూశాడు, ఎవరో వీపు మీద తట్టినట్టు. రెండో దెబ్బకు నా వైపు చూశాడు. తరువాత ఎవరినీ చూడలేదు. తాళాలు తీసుకున్నాడు. పాడడం మొదలుపెట్టాడు. డబ్బాలో వాళ్లు చరణం ఎత్తుకోకముందే ఆయన నోట్లో చరణం ఉంది. నేను మాటలు కొనిపెడదామని కరీంనగర్ పోయాను. మాటలు ఆయన దగ్గర ఎప్పుడూ ఉన్నాయి. ఎప్పుడు అందుకోవాలో అదే పోయింది.

గోడ మీది గిన్నె ఒకటి కింద పడింది. "తాతా, ఇల్లు కూలగొట్టినంక ఆపుతవా?" అంది కోడలు, గిన్నె తీయకుండా అక్కడే నిలబడి.

సోమవారం కడుపునొప్పి రాలేదు. కానీ గుడిలో కింద బండలు. బండలు ఊగవు. మా ఇంటి వెనక పాత తలుపు రెక్క ఒకటి ఉంది, దర్వాజ మార్చినప్పుడు తీసిపెట్టింది. దాన్ని నేనో వైపు, కోడలో వైపు పట్టుకొని గుడికి మోసుకుపోయాం. "గీ ఇంటికి కోడలిగ వస్తే తలుపులు గూడ మొయ్యాల్నా" అని దారి పొడుగునా అంది. కింద రెండు చెక్క ముక్కలు పెట్టి రెక్కను పరిచాను.

డోలక్ ఆయన చూసి, "గిదేందక్కా? ఎవల పెండ్లి, పీటలేసినవ్?" అన్నాడు.

"నీదే. డోలక్ పట్టుకొని గా కొసకు కూసో. గీ కొసకు బాపు."

ఏమనుకున్నాడో, డోలక్ తెచ్చుకొని ఆ కొసకు కూర్చున్నాడు. బాపు తువ్వాల విప్పాడు. భజన మొదలైంది. నేను పాట వినలేదు, తాళాలు మాత్రమే విన్నాను. మొదటి పాట నిలిచింది. రెండోది నిలిచింది. మూడో పాటలో బాపు ఒకచోట తప్పాడు. రెండు దెబ్బలు వెనక పడ్డాయి. డోలక్ ఆయన తల ఎత్తి బాపును చూశాడు. చేయి చాపలేదు. ఎడమ చేతి వైపు మందపు తోలు మీద గట్టిగా ఒక్కటి కొట్టాడు. రెక్క కిర్రుమంది. బాపు అందుకున్నాడు.

భజన అయ్యాక ప్రసాదం తింటూ బాపు డోలక్ ఆయన దగ్గరకు జరిగాడు. చెవుడు కదా, గుడి అంతా వినపడేటట్టు అన్నాడు.

"మూడో పాటల తప్పినవ్‌రా నువ్వు."

అందరి నవ్వులూ పెదవుల దాకా వచ్చి ఆగాయి. డోలక్ ఆయన బాపుకు పెదవులు కనపడేటట్టు ముఖం దగ్గరకు తెచ్చాడు.

"అవ్ మామా, తప్పిన. వచ్చే సోమారం మంచిగ కొడ్త. గీ తలుపు ఈడనే ఉండనియ్యి."