ఎడం పక్క సీటు

మా ఆయన ముప్ఫై ఏళ్ళు బందరు నుంచి కోడూరుకి బస్సు నడిపారు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. దారి పొడుగునా కాలవ, చేను, మళ్ళీ కాలవ. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటే వంతెన ఎక్కేటప్పుడు తప్ప ఆయన బండి ముక్కు పైకి లేచిందే లేదు. ఒక్కసారైనా కొండదారిలో బండి నడపాలని ఆయన కోరిక. రిటైరైనా అది పోలేదు. ఉన్న గుంతలు చాలక కొండలెందుకని నేను దెప్పేదాన్ని.

పోయినేడు అమెరికాలో ఉన్న ఆయన మేనకోడలు మమ్మల్ని రమ్మంది. తనుండేది యూటా రాష్ట్రంలో. ఎర్రకొండలు, రాతి తోరణాలు, లోయలు, ఏ రోజు ఏది చూడాలో కాగితం మీద రాసిపెట్టి, వారం రోజులు కారులో తిప్పుతానంది. ఈయన అదంతా విన్లేదు. "కొండ మీద కొంచెం దూరం నన్ను నడపనిస్తావా అమ్మా?" అని ఒక్కటే అడిగారు. సరేనంది. ఇంటర్నేషనల్ పర్మిట్ చేతికొచ్చిన రోజున వీధిలో అందరికీ తొక్కుడు లడ్డూ పంచారు.

యూటాలో మొదటి మూడు రోజులూ మేనకోడలే నడిపింది. ఆయన పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నారు. వెనక సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని నేను. ఆ కొండలు చూసి నోరు తెరిచిన మాట నిజమే. మా వైపు పారతో ఎంత లోతు తవ్వినా గులకరాయి తగలదు. అక్కడ మట్టి కోసం వెతుక్కోవాలి.

నాలుగో రోజు పొద్దున్నే, రద్దీ లేని ఒక కొండదారి మొదట్లో ఆ అమ్మాయి తాళం ఆయన చేతిలో పెట్టింది. గేరు వేసే పని లేని కారు. "ఉప్పు లేని పప్పులా ఉందే," అని గొణిగి, స్టీరింగుని తాకి కళ్ళకద్దుకుని కూర్చున్నారు. నన్ను పక్క సీట్లోకి రమ్మన్నారు. ఆయన బస్సులో ఎప్పుడెక్కినా నేను ఆడవాళ్ళ సీట్లోంచి ఆయన వీపే చూశాను.

"రైట్ రైట్ అను," అన్నారు. అన్నాను.

ఒక మలుపు, ఇంకో మలుపు. ఆయన ముఖం చూస్తుంటే నాకు కొండలు చూడబుద్ధి కాలేదు. అంతలో ఎడం పక్క నుంచి ఒక జింక రోడ్డు మీదికి వచ్చింది. పరుగెత్తలేదు, తీరిగ్గానే నడిచి వచ్చింది. మేనకోడలు చూసింది, నేను చూశాను. ఆయన చూడలేదు. "మావయ్యా, బ్రేక్!" అని ఆ అమ్మాయి వెనక నుంచి అరిచాకే కాలు పడింది. జింక మమ్మల్ని ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

ఆయన కారు పక్కకి తీసి ఆపారు. చాలాసేపు స్టీరింగు వదల్లేదు. తర్వాత తాళం వెనక్కి అందించారు.

"ఇక నువ్వే నడుపమ్మా. ఎడం పక్క నాకు ఆనట్లేదు."

"ఎప్పట్నించండీ?" అన్నాను.

"ఏడాదైంది. నీటికాసులన్నారు డాక్టరు గారు. పోయిన చూపు మళ్ళీ రాదట. చెబితే నడపనివ్వవని..."

కళ్ళు మండుతున్నాయంటూ రోజూ వేసుకుంటున్న చుక్కల మందు సంగతి నాకప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోయింది. ముగ్గురం లోయలో పడేవాళ్ళం, నోరులేని జీవం ప్రాణం తీసేవాళ్ళం అని ఆ కొండలు వినేలా తిట్టాను. ఆయన తలొంచుకుని విన్నారు. సర్వీసులో ఒక్క యాక్సిడెంటూ ఎరగని మనిషి. ఇక జన్మలో స్టీరింగు పట్టరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఏడుపొచ్చి తిట్లు ఆగిపోయాయి.

మేనకోడలు ముందుకి వెళ్ళింది. మేమిద్దరం వెనక కూర్చున్నాం. కాసేపటికి ఆయన మెల్లిగా అడిగారు.

"అటు పక్క ఏముందే?"

"కొండ. మీ మొండితనమంత."

నవ్వారు. కారు ఆపించి నేను ఆయన ఎడం పక్కకి మారాను. ఎర్రటి రాయి, రాయి నడుమ పెద్ద కన్నం, కన్నంలోంచి ఆకాశం. కనిపించినవన్నీ ఒక్కొక్కటే చెప్పాను.

ఇప్పుడు కోడూరు బస్సెక్కినా ఆయనకి ఎడం పక్క సీటు నాదే. మోపిదేవి వచ్చింది, నాట్లు వేస్తున్నారు, అని చెబుతుంటాను. ఆ దారంతా కళ్ళు మూసుకుని చెప్పగలరాయన. అయినా ప్రతిసారీ అడుగుతారు, "అటు పక్క ఏముందే?" అని.