అత్తగారి మంచం వెనక నెమళ్లు

సత్తుపల్లిలో మా మామగారి తాత కట్టించిన ఇంటి హాల్లో గోడలకు నెమళ్ల బొమ్మల కాగితం అంటించి ఉండేది. ఆయన దాన్ని మద్రాసు నుంచి తెప్పించారట. ఎనభైలలో ఒక వానాకాలం గోడ చెమ్మెక్కి, ఒక పట్టీ నిలువునా ఊడి కింద పడింది.

నేనూ మా తోడికోడలూ దాన్ని ఫ్యాను కింద ఆరబెట్టాం. సినిమా పోస్టర్లు అంటించేవాళ్లలా మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపాం. ఆ గోడ పక్కనే ఉన్న అత్తగారి మంచాన్ని, ఆవిడ పడుకుని ఉండగానే, కాస్త ముందుకు జరిపి, బల్లెక్కి అంటించి, మెత్తటి గుడ్డతో ముడతలన్నీ తీసేశాం.

కిందికి దిగి చూస్తే ఆ పట్టీలో నెమళ్లన్నీ తలకిందులుగా ఉన్నాయి. అప్పటికే జిగురు పట్టేసింది, లాగితే చిరుగుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"అందించేటప్పుడు కళ్లెక్కడ పెట్టుకున్నవ్?" అని తోడికోడలి మీద విరుచుకుపడ్డాను.

"అంటించింది నువ్వేగా అక్కా" అంది ఆమె.

ఆ గోడవైపే తలపెట్టి పడుకున్న అత్తగారు మెడ వెనక్కి వంచి చూసి, కిసుక్కున నవ్వారు.

"ఏంది గట్ల కొట్లాడుకుంటున్నరు? నడుంనొప్పి వచ్చిన కాన్నుంచి ఈడ్నే పండుకుంటున్న. నాకు నెమళ్లెప్పుడూ తలకిందులుగనే కనపడ్డయి. ఇయ్యాల్నే సక్కగ నిలబడ్డయి."

నమ్మకం కుదరక నేనూ ఆవిడ పక్కన పడుకుని మెడ వంచి చూశాను. నిజమే. తోడికోడలూ వచ్చి ఇరుక్కుంది. ముగ్గురం నవ్విన నవ్వుకు మంచం కిర్రుమంది.

మరుసటి ఏడు వానలకు పక్క పట్టీ ఊడింది. ఈసారి ఏ పొరపాటూ జరగకుండా, జాగ్రత్తగా చూసుకుని మరీ తలకిందులుగా అంటించాం.