పాదాలు తాకిన ఆరుగురు

మునిరామయ్యను చెడగొట్టింది నేనే. ఊళ్లో ఎవరూ నన్ను ఆ మాట అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేవాణ్ణి.

మేమిద్దరం కార్వేటినగరంలో ఒకే గురువు దగ్గర కుస్తీ నేర్చుకున్నాం. ఆయన నాకంటే ఆరేళ్లు పెద్ద. వాకిట్లో నిలబడితే లోపలికి వెలుతురు వచ్చేది కాదు. ఎనభై ఏడులో ఒక పోటీలో తలకిందులుగా పడి మెడ దెబ్బతింది. ఇంకోసారి అలా పడితే కాళ్లూ చేతులూ చచ్చుబడతాయని తిరుపతి డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. అప్పట్నుంచి చెరకు తోట, బెల్లం గానుగ, ఇల్లు, అంతే. మనిషి మాటలు తగ్గించేశాడు. పెనంలో పాకం పొంగిపోతున్నా చూస్తూ కూర్చునేవాడని పనివాళ్లు చెప్పేవాళ్లు.

తొంభై ఆరులో ఒక పొద్దున నేను కుస్తీ నేర్పే తాలీముకు వచ్చాడు. అప్పటికి నలభై ఏడేళ్లు. మీసం పూర్తిగా నెరిసింది.

"ఒక్క పట్టు పట్టి పోతా సిన్నబ్బా" అన్నాడు.

నాకు జాలేసింది. నేను చేసిన తప్పంతా ఆ జాలే.

మా తాలీములో ఒక కట్టుబాటు ఉంది. సరిజోడీ అయితే చేతులు కలిపి, గోదాలోని మట్టి తీసి ఒకరి భుజానికి ఒకరు రాసుకుని దిగుతారు. అలా కాకుండా పాదాలు తాకి దిగితే ఎదుటివాడు గురువు కింద లెక్క. గురువు వీపును మట్టికి ఆనించకూడదు. నేను నా శిష్యుడు చక్రధర్‌ని పక్కకు పిలిచి, "పెద్దాయన పాదాలు తాకి దిగురా" అన్నాను. మిగతాది చెప్పనక్కర్లేదు.

చక్రధర్ పడిపోయాడు. తర్వాత పుత్తూరులో ఒకడు, నగరిలో ఒకడు. ఆ చుట్టుపక్కల తాలీములన్నీ నా శిష్యులవే. రెండేళ్లలో ఆరుగురు పాదాలు తాకారు, ఆరుగురూ పడ్డారు. ముసలి సింహం మళ్లీ లేచిందని పేపరులో జిల్లా పేజీలో ఫోటో వేశారు. మునిరామయ్య మళ్లీ నవ్వాడు. గానుగ దగ్గర పనివాళ్లను ఆటపట్టించాడు. కట్టుబాటు ఆయనకూ తెలుసు, కానీ వయసుకు మొక్కుతున్నారనుకుంటాడులే అని నాకు ధీమా. నేను చేసిన పని నాకే ముద్దొచ్చింది.

తొంభై ఎనిమిది ఏప్రిల్‌లో ఆయన భార్య యశోదమ్మ మా ఇంటికి వచ్చింది. అడగడానికని వదిన ఎప్పుడూ మా గడప తొక్కలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సిత్తూరు పోటీకి ఒప్పుకొన్నాడు మీ అన్న. రాయవేలూరు నుంచి ఏలుమలై అని ఎవురో వస్తా ఉండాడంట. ఈయనకు ఎడమ చెయ్యి తిమ్మిరెక్కతా ఉండాది. గ్లాసు నిలబడడం లేదు. నువ్వు చెప్తే ఇంటాడు."

అరవదేశం కుర్రాడికి పాదాలు తాకమని నేనెలా చెప్పేది?

గానుగ దగ్గరికి వెళ్లి అంతా ఒప్పుకున్నాను. శిష్యులకు నేనే చెప్పానని, ఆ ఆరు గెలుపులూ గెలుపులు కావని. ఆయన చెరకు గడలు అందిస్తూనే విన్నాడు.

"నాకు తెలీదనుకొన్నావా? నేనూ ఆ తాలీములోనే గదా పెరిగింది. ఈ పిల్లోడన్నా గట్టిగా పడతాడేమో అని పతిసారీ దిగినా. కాళ్లకు మొక్కినప్పుడల్లా నన్ను సంపినట్టే ఉండేది అబ్బా. రాయవేలూరోడు మొక్కడు."

"మెడ సంగతేంది అన్నా?"

"మెడ నాది గదా."

నిర్వాహకులకు డాక్టరు మాట చెప్పి పోటీ ఆపించి ఉండవచ్చు. మెడ తనదన్నాక ఆ పని చేయలేకపోయాను.

పోటీ రోజు వదిన వాకిట్లోకి రాలేదు. బస్సెక్కేటప్పుడు ఆయన ఎడమ చేత్తో కమ్మీ పట్టుకోబోతే చెయ్యి జారింది. కుడిచేత్తో పట్టుకుని ఎక్కాడు. నేను చూశానని ఆయనకూ తెలుసు.

మధ్యాహ్నం మూడింటికి గోదాలోకి దిగారు. ఏలుమలైకి పాతికేళ్లుంటాయి. వంగి గుప్పెడు మట్టి తీసి ఆయన భుజానికి రాశాడు. ఆరు గెలుపుల్లోనూ నేను చూడని సంతోషం అప్పుడు ఆయన ముఖంలో చూశాను. నాకు ఏడుపొచ్చింది.

పది నిమిషాలు సమానంగా పట్టాడు. ఒకసారి కుర్రాణ్ణి నడుము దాకా ఎత్తేశాడు కూడా. జనం లేచి నిలబడ్డారు. ఆ ఎత్తులోనే ఎడమ చెయ్యి సడలింది. ఏలుమలై పట్టు మార్చి ఆయన్ని తిరగేశాడు. ముందు తల పడింది, తర్వాత వీపు.

నేను పరుగెత్తాను. ఆయన వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాడు. తల తిప్పలేదు. నవ్వుతున్నాడు.

"నిజంగా పడేసినాడు సిన్నబ్బా. మంచి పిల్లోడు. ఒక్కసారి కూడా పాదాలు తాకలేదు సూడు."

అప్పటికే ఏలుమలై మోకాళ్ల మీద కూలబడి, ఆయన రెండు పాదాలూ గట్టిగా పట్టుకుని ఏడుస్తున్నాడు.