మా బావ కంటికే కనిపించే పురుగు

మా బావకి పురుగుల పిచ్చి. ఇష్టమనుకునేరు, భయం. అదీ అన్ని పురుగులూ కాదు. జామపండు కొరికితే సగం పురుగు కనిపించినా చాకుతో పక్కకి తీసేసి మిగతాది హాయిగా తినేసే మనిషి. పుస్తకం చేతికొస్తే మాత్రం ఆయనకి ప్రతి పేజీలోనూ పురుగే.

ఆయనది పాత పుస్తకాలు కొని అమ్మే కొట్టు. ఆ గదిలోనే ముందు భాగంలో నా జిరాక్సు మిషను. అక్క మొగుడు కాబట్టి ఆయన అద్దె అడగడు, బావమరిదిని కాబట్టి నేను నోరు మూసుకోను. మా ఇద్దరి మధ్య ఒప్పందం ఇంతే.

ఎవరైనా పుస్తకం అమ్మడానికి తెస్తే బేరమాడకుండా డబ్బు చేతిలో పెడతాడు. వాళ్లు గుమ్మం దాటగానే భూతద్దం తీస్తాడు. పుస్తకాన్ని వెలుతురుకేసి పట్టుకుంటాడు, వీపు మీద వేలితో కొడతాడు, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. తర్వాత మొహం వేలాడేసి, "పురుగుంది," అంటాడు. అంతే, అది గోడవారనున్న ఇనప్పెట్టెలోకి వెళ్తుంది. తాళంచెవి ఆయన మొలతాడుకి వెళ్తుంది.

మళ్లీ ఎప్పుడు బయటికొస్తుందన్నది పురుగు దయ. మా మేనకోడలు ఒకటో తరగతిలో ఉండగా లోపలికి వెళ్లిన నిఘంటువు ఒకటి, ఆ పిల్లకి పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాక బయటపడింది. ఒకాయన తనకి బహుమతిగా రెండు వచ్చాయని ఒక కొత్త పుస్తకం అమ్మిపోతే, దానికీ పురుగేనన్నాడు.

"సిరా వాసనైనా పోలేదు కదా బావా, పురుగెప్పుడు పట్టింది?" అన్నాను.

"అది మనకి చెప్పి వస్తుందా?" అన్నాడు.

చూడలేక అక్క ఒకసారి పురుగుల పొడి డబ్బా కొని పంపింది. బావ దాన్ని ఇంటికి తీసుకుపోయి వంటింట్లో చీమలకి చల్లాడు. మందు వేస్తే కాగితం పాడవుతుందట, ఓపిక పడితే పురుగులు వాటంతటవే పోతాయట.

"వాటంతటవే పోవడానికి అవేమైనా చుట్టాలా?" అని అడిగాను.

"చుట్టాలు పోరు. పురుగులే నయం," అన్నాడు. అప్పటికి మా వైపు చుట్టాలు వాళ్లింటికి వచ్చి పదిరోజులైంది.

ఇలా ఉండగా వెనక సందులో బట్టలు కుట్టే ఆవిడ ఒక పెద్ద పుస్తకం మోసుకొచ్చింది. పాతకాలపు దుస్తులు ఎలా కత్తిరించాలో చూపించే పుస్తకం. ప్రతి బొమ్మకీ చేత్తో రంగులు వేసి ఉన్నాయి. వాళ్లమ్మ కూడా ఆ పనే చేసేదట, ఆమె దగ్గర్నించి వచ్చిందట. అందరూ కుట్టిన బట్టలే కొనుక్కుంటుంటే ఇంక తన దగ్గరికి ఎవరొస్తారని, కొట్టు ఎత్తేస్తున్నానని చెప్పి, డబ్బు తీసుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. బావ భూతద్దం తీశాడు. ఏం కనిపించిందో మీకు చెప్పక్కర్లేదు.

ఈ సంగతి కలెక్టరుగారి చెవిన పడింది. ఆయన నిజం కలెక్టరు కాదు. అరుదైన పుస్తకాలు పోగేస్తారు కనక మేం పెట్టుకున్న పేరు. దర్పం మాత్రం ఆ హోదాకి సరిపోతుంది. వచ్చీరాగానే ఆయన చెప్పిన ధరకి నా చేతిలో కాగితాలు జారిపోయాయి. బావ చలించలేదు. పురుగుందన్నాడు. చూపించమంటే పెట్టె తెరిచి, దూరం నుంచి చూపించాడు.

"నాకేం కనబడటం లేదే," అన్నారు కలెక్టరుగారు.

"మీకు కనబడేంత ఉంటే దాన్ని పురుగంటారా అండీ? పిల్లి అంటారు."

"పోనీ, పురుగుతో సహా కొంటాను."

"పురుగుని అమ్మే అలవాటు లేదండి."

ఆయన రోజూ వచ్చేవారు, రోజూ ధర పెంచేవారు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. బావ పట్టిన కుందేటికి మూడే కాళ్లు. చివరికి కలెక్టరుగారు ఊరుకోలేక, ఇళ్లకి పురుగుల మందు కొట్టే ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చారు. వీపున డబ్బా, చేతిలో గొట్టం. బావకి తాళం తీయక తప్పలేదు.

మందాయన పుస్తకాన్ని బల్లమీద పెట్టి పేజీ పేజీ తిప్పాడు. పెట్టెలో తల దూర్చి మూలమూలలా చూశాడు. తల బయటికి తీసి, ఇందులోకి పురుగన్నది ఎన్నడూ రాలేదని, ఊళ్లో అందరూ ఇలాంటి పెట్టెలు పెట్టుకుంటే తను వేరే పని వెతుక్కోవాల్సిందేనని చెప్పాడు. కలెక్టరుగారు చిరునవ్వుతో పర్సు తీశారు. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు.

సరిగ్గా అప్పుడు గుమ్మంలో ఆ కుట్టుపని ఆవిడ నిలబడి ఉంది. చేతిలో ఒక్క కాగితమైనా లేకుండా నన్ను జిరాక్సు ఎంతని అడిగింది. చెప్పాను. వినలేదు. మెల్లిగా బావ దగ్గరికొచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ పుస్తకం అమ్ముడైపోయే ఉంటుంది. ఊరికే అడుగుతున్నా."

నాటకాల వాళ్లెవరో వచ్చారట. రాజులకీ సైనికులకీ అందరికీ పాతకాలపు దుస్తులు ఆవిడే కుట్టాలట. ఒప్పుకుంటే కొట్టు ఎత్తేయక్కర్లేదు. కానీ ఆ కత్తిరింపులన్నీ ఆ పుస్తకంలోనే ఉన్నాయి, సాయంత్రంలోగా జవాబు చెప్పాలి. పుస్తకం లేదంటే తన వల్ల కాదని చెప్పేస్తానంది.

బావకి ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కడికి పోతుందమ్మా? దానికి పురుగు పట్టింది. నేనిచ్చిందే నాకిచ్చి తీసుకుపో. నాకు పీడ విరగడవుతుంది."

ఆవిడ బల్ల మీద పుస్తకాన్ని చూసింది, కలెక్టరుగారి చేతిలో పర్సు చూసింది. నిజంగా ఎవరూ అడగలేదా అంది. కలెక్టరుగారు నోరు తెరవబోయారు. ఈలోగా మందాయన గొంతు సవరించుకున్నాడు.

"పురుగేనమ్మా. మొండి రకం. నేనిప్పుడే చూశాను. రెండ్రోజులు ఎండలో పెట్టు."

ఆవిడ డబ్బిచ్చి, పుస్తకాన్ని చంటిపిల్లలా గుండెకి హత్తుకుని, దాదాపు పరిగెత్తుతూ వెళ్లింది. మందాయన కూడా డబ్బా సర్దుకుని వెళ్లిపోయాడు. నేను బావ మొహంలోకి చూస్తూ నిలబడ్డాను.

"ఏంటలా చూస్తావ్?" అన్నాడు. "పుస్తకం అమ్ముకున్నవాళ్లకి ఇంటికెళ్లాక ఆ ఖాళీ కనబడుతుందోయ్. కొందరు తిరిగొస్తారు. నీకోసం దాచానంటే మొహమాటపడి చస్తారు. పురుగుందంటే నాకే సాయం చేస్తున్నట్టు పట్టుకుపోతారు."

నాకు బావ మీద ఎంత ప్రేమ ముంచుకొచ్చిందంటే, ఆ క్షణంలో అడిగితే అద్దె కూడా ఇచ్చేవాణ్ణి. అదృష్టం, అడగలేదు.

కలెక్టరుగారు పర్సు జేబులో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లారు. అక్కడే కాసేపు నిలబడి, మళ్లీ వెనక్కొచ్చి స్టూలు మీద కూర్చున్నారు. దర్పం ఎక్కడ వదిలేశారో తెలీదు.

"ఎండాకాలంలో మీకో పిల్లల బొమ్మల పుస్తకం ఇచ్చాను. అట్ట చిరిగిపోయింది, నా బీరువాలో ఉండదగ్గది కాదనుకున్నాను. చిన్నప్పుడు మా అమ్మ చదివి వినిపించేది." నేల చూపులు చూస్తూ అడిగారు. "దానికి కూడా...?"

బావ అప్పటికే పెట్టెలోకి వంగి అడుగున చెయ్యి పెట్టాడు.

"అయ్యో, దానికి పట్టినంత పురుగు ఇంక దేనికీ పట్టలేదండి," అన్నాడు.